ఖరాబు బీడీల తొట్టి

పంతొమ్మిది వందల అరవై ఎనిమిదో, అరవై తొమ్మిదో. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు. నిజామాబాదులో మా వాడ ఆడవాళ్లందరం ఇళ్లలో బీడీలు చుట్టి, సాయంత్రం కార్ఖానాలో అప్పజెప్పేవాళ్లం. మాకు ఆకు ఇచ్చి, చుట్టిన బీడీలు తీసుకునే టేకేదారు కట్టలు విప్పి, బాగాలేవంటూ మనిషికి పిడికెడు తీసి పక్కన పోగేసేవాడు. వాటికి కూలి ఇవ్వడు. తర్వాత వాటినే మంచివాటిలో కలిపి అమ్ముకునేవాడు.

ఒకరోజు నావి తీసి పెట్టగానే ఉండబట్టలేక అడిగాను.

“ఇవి నిజంగ ఖరాబేనా సేటూ?”

“ఖరాబే. ఎవడు తాగుతడు గివి?”

“గట్లయితే పారేస్తున్న” అంటూ వాటిని ఆకు తడిపే నీళ్లతొట్టిలో పడేశాను.

టేకేదారు దిగ్గున లేచాడు. “రేపటి నుంచి నీకు ఆకు ఇయ్య. పో!”

మా ఇల్లు గడిచేది ఆ కూలితోనే.

అంతలో మా పక్కింటి ఎల్లవ్వ పోగులోంచి తన పిడికెడు తీసింది. “నావి గూడ ఖరాబన్నవు గద! జరుగు బిడ్డా” అంటూ తొట్టిలో వేసింది. ఆమె వెనకే వరసంతా కదిలింది. పోగు ఖాళీ అయింది.

మర్నాడు నాతో సహా అందరికీ ఆకు ఇచ్చాడు. తొట్టి మాత్రం లోపలి గదిలోకి పోయింది. తీసిపెట్టడం పూర్తిగా మానలేదు గానీ బాగా తగ్గించాడు. తీసే ముందు ప్రతిసారీ నా చేతుల వైపు చూసేవాడు.

కాయలు కాసిన ఈ చేతులంటే నాకిప్పటికీ గర్వమే.