విలన్ గారి నోట మా ప్రేమలేఖ

ఆ రోజుల్లో కృష్ణానగర్‌లో అద్దె గది దొరికిన ప్రతివాడూ ఏదో ఒకనాటికి డైరెక్టర్ అయిపోతాననుకునేవాడు. నేను ఇంకో అడుగు ముందుకేసి సంపాదకుణ్ణి కూడా అయిపోయాను. మగవాళ్ళని ప్రేమించే మగవాళ్ళం ఆరుగురం కలిసి ‘తోడు’ అని ఓ పత్రిక పెట్టాం. (రాసేది ఆ ఆరుగురమే, చదివేదీ ఆ ఆరుగురమే. సంపాదకీయం మాత్రం “అశేష పాఠకులకు” అని మొదలుపెట్టేవాణ్ణి.) ఫిల్మ్ నగర్‌లో నేను అసిస్టెంటుగా చేరిన సినిమా ఆఫీసులో సీన్ పేపర్లు తీసే సైక్లోస్టైల్ మిషన్ ఉండేది. అందరూ భోజనాలకి లేవగానే దాని మీద మా కథలూ ఉత్తరాలూ తీసేవాణ్ణి. ఎవరైనా చూస్తే ఉద్యోగం పోతుంది, గది పోతుంది, ఇంటికి కబురు కూడా వెళ్తుంది. అన్నీ తెలిసే చేశాను. ఇరవై రెండేళ్ళకి నా బుద్ధి అలా ఉండేది.

ఒకరోజు తొందరలో మా పేజీ ఒకటి సీన్ పేపర్లలో కలిసిపోయింది. మా విలన్ గారికి డైలాగు గుర్తుండదు. కెమెరా పక్కన నిలబడి కో-డైరెక్టర్ గారు ముక్క ముక్కా అందిస్తుంటే, అర్థంతో పని లేకుండా గర్జించుకుంటూ పోయేవారు. ఆ రోజు హీరో కాలరు పట్టుకుని, “ఒరేయ్! ఈ రోజుతో నీ ఆట కట్టు!” అన్నారు. కో-డైరెక్టర్ గారు పేజీ తిప్పి, చూసుకోకుండానే తర్వాతి ముక్క అందించారు. “నువ్వు ఊరెళ్ళిన దగ్గర్నుంచీ నాకు అన్నం సయించడం లేదు!” అని కళ్ళెర్రజేసి అరిచారు విలన్ గారు. “నీ చొక్కా ఉతక్కుండా దాచుకున్నాను!”

ఆ ఉత్తరం నాదే. హీరో తెల్లమొహం వేశాడు. లైట్‌మెన్లు పడీ పడీ నవ్వారు. “ఎవడ్రా ఇది రాసింది?” అని డైరెక్టర్ గారు లేచేసరికి నేను లైటు స్టాండు చాటుకి జరిగాను. అంతలో ఇస్త్రీ బల్ల దగ్గర్నుంచి మా కాస్ట్యూమ్స్ మామ ముందుకొచ్చాడు.

“నాదే సార్. మా బస్తీల నాటకమాడుతున్నం. జర గల్తీ అయింది.”

యాభై దాటిన మనిషి, అందరి ముందూ పావుగంట తిట్లు తిన్నాడు. నేను తల వంచుకుని క్లాప్‌బోర్డు తుడుస్తూ నిలబడ్డాను. ఇప్పటికీ సిగ్గేస్తుంది.

భోజనాల వేళ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి తెచ్చాడు. చేయి చాపాను. ఇవ్వలేదు.

“నీ మొఖం జూస్తెనే సమజైంది బిడ్డా. గిసుంటియి ఇంకా ఉన్నయా?”

“ఉన్నాయి మామా.”

“రాసెటోళ్ళు నిజం మనుషులేనా?”

“ఆరుగురం ఉన్నాం.”

“ఇన్నేండ్ల సంది నేనొక్కణ్ణే అనుకున్న,” అని చేతిలో ఉన్న హీరోగారి చొక్కాతో కళ్ళు తుడుచుకున్నాడు. (మధ్యాహ్నం షాట్‌కి దాన్ని మళ్ళీ ఇస్త్రీ చేయాల్సి వచ్చింది.)

ఆ ఆదివారం మా గదికొచ్చాడు, ఆ కాగితం చదివి తమదీ ఇదే కథన్న పక్క గల్లీ డాన్సర్లిద్దర్ని వెంటబెట్టుకుని. ఏడాది తిరిగేసరికి కూర్చోడానికి చాప చాలేది కాదు. ఆ సంచికలు ఇప్పుడు తీసి చదివితే కవిత్వం ఘోరంగా ఉంటుంది, ముఖ్యంగా నాది. ఆ ఇరవై రెండేళ్ళ సంపాదకుడు మాత్రం ముద్దొస్తాడు. ఎవరికీ దొరక్కూడదని అంత హడలిపోయేవాడు, ఒక్కరికైనా దొరకాలనే ఆ కాగితాలన్నీ తీస్తున్నానని వాడికే తెలియదు, పిచ్చి సన్నాసికి.