నాలుగూ పదికి నేను మార్చిన లైను

పోస్టుకు చేరింది నవంబరులో, పగలు పదకొండు గంటలకు. ఎత్తు పద్నాలుగు వేల అడుగులు. చలి మైనస్ పన్నెండు. లారీ ఆగిన చోటు నుంచి మూడు గంటల నడక, వీపు మీద ఇరవై రెండు కిలోలు. సిగ్నల్స్ బంకరులో ఒక రేడియో సెట్టు, ఒక కంప్యూటరు, ఒక కిరోసిన్ పొయ్యి. నేను హవల్దారును. నా కింద ఒక ఆపరేటర్.

ఇద్దరిదీ హైదరాబాదే. అతడిది నారాయణగూడ. మాది చిక్కడపల్లి.

"ఏందన్నా, గీడికొచ్చినా చిక్కడపల్లోళ్ళే మా నెత్తి మీదనా?" అన్నాడు.

"టీ పెట్టు ముందు," అన్నాను.

హెడ్‌క్వార్టర్స్ సందేశాలు వాటంతట అవే కంప్యూటరుకు వచ్చి వరుసలో చేరేవి. పెట్రోలింగ్‌కు వెళ్ళినవాళ్ళకు ఆపరేటర్ వాటిని రేడియోలో చదివేవాడు. తర్వాత వరుస చెరిపెయ్యాలి. అందుకు నేనొక స్క్రిప్టు రాశాను. స్క్రిప్టు అంటే కంప్యూటరు చెయ్యాల్సిన పనులు వరుసగా రాసిన ఫైలు. దాని పేరు పక్కన ఆప్షన్లు కొడతాం. పొట్టి ఆప్షన్‌కు ఒక గీత, ఒక అక్షరం. పొడుగు ఆప్షన్‌కు రెండు గీతలు, పూర్తి పేరు. -n కొడితే నా స్క్రిప్టు ఏదీ చెరపదు, వరుసలో ఏముందో చూపిస్తుంది. ఏ ఆప్షనూ లేకపోతే మొత్తం చెరిపేస్తుంది.

తెలియని ఆప్షన్ వస్తే స్క్రిప్టు ఆగి, తెలియదని చెప్పాలి. మొదట అలాగే రాశాను. మాటిమాటికీ ఆగుతోందని విసుగు పుట్టి, తెలియనిదాన్ని దాటి ముందుకు పొమ్మని మార్చాను.

చలికి వేళ్ళు మొద్దుబారి ఒక అక్షరానికి ఇంకో అక్షరం పడుతోందని, ఇకమీదట పొడుగు పేర్లే కొట్టమని ఆపరేటర్‌కు ఆర్డరిచ్చాను. రెండు రకాలూ కాగితం మీద రాసి గోడకు అంటించాను. -n ఎదురుగా --dry-run అని, అంటే చెరపకుండా చూపించమని, రాశాను.

"గింత పొడుగెందుకన్నా? పరేషాన్."

"ఏం కొడుతున్నావో నీకు తెలియాలి కదా. అందుకు."

"సరే తియ్."

ఆ పొడుగు పేరు కాగితం మీదే ఉంది. స్క్రిప్టులో లేదు. రేపు చేర్చవచ్చులే అనుకున్నాను.

మర్నాడు 12:40కి తుపాను హెచ్చరిక వచ్చి వరుసలో చేరింది. ఆపరేటర్ బయట నీళ్ళ కోసం మంచు తవ్వుతున్నాడు. 13:05కి లోపలికొచ్చాడు. చేతి తొడుగులు తీశాడు. కాగితం చూసి, అందులో ఉన్నది ఉన్నట్టు కొట్టాడు. స్క్రిప్టు ఆ పేరును దాటేసి వరుసంతా చెరిపేసింది. తెర మీద ఏమీ రాలేదు. పక్క బంకరులో ఉన్న నాకు ఫోన్ చేశాడు.

"ఏం లేదన్నా. ఖాళీ."

"అయితే పెట్రోలింగ్ వాళ్ళను కదలమను," అన్నాను.

శిఖరం కింద ఆగి ఉన్న ఆరుగురు 14:00కి బయల్దేరారు.

15:20కి, నేను సిగ్నల్స్ బంకరులో ఉండగా, హెడ్‌క్వార్టర్స్ రేడియోలో పిలిచింది. "పన్నెండు నలభై హెచ్చరిక అందినట్టు చెప్పలేదు. ఓవర్."

ఆపరేటర్ నా వైపు తిరిగాడు. "ఏ హెచ్చరికన్నా?"

15:45కి కొండ మీది నుంచి ఒక్క మాట వినిపించింది. "ముందు మనిషి కనబడటం లేదు. ఓవర్." ఆ తర్వాత గరగర తప్ప ఏమీ లేదు.

ఆపరేటర్ నాకు వీపు పెట్టి వాళ్ళను పిలుస్తూనే ఉన్నాడు. నేను స్క్రిప్టు తెరిచాను. ఏం జరిగిందో అర్థమైంది. -n పక్కన 'లేదా' అని అర్థమిచ్చే ఒక నిలువు గీత, దాని పక్కన పొడుగు పేరు చేర్చాను. పది సెకన్ల పని. టైము 16:10. మళ్ళీ ఇలా జరగకూడదని చేస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను.

వాళ్ళు మర్నాడు తొమ్మిదికి వచ్చారు. దారి చూపుతూ ముందు నడిచినవాణ్ణి తాళ్ళతో లాక్కొచ్చారు. ఆసుపత్రిలో అతని రెండు కాళ్ళ వేళ్ళూ తీసేశారు.

నాలుగో రోజు విచారణకు ఒక అధికారి కింది నుంచి వచ్చాడు. కాగితం మీద ఉన్నట్టే కొట్టానని ఆపరేటర్ చెప్పాడు. అధికారి కూర్చుని అదే కొట్టాడు. జాబితా వచ్చింది.

"పని చేస్తోందిగా?" అని నన్ను అడిగాడు.

"చేస్తోంది సాబ్," అన్నాను.

తప్పు కొట్టాడని ఆపరేటర్ సర్వీసు పుస్తకంలో ఎర్ర సిరా పడింది. ప్రమోషన్ ఆగిపోయింది. పదిహేనేళ్ళ సర్వీసు కాగానే ఇంటికి పంపేశారు. నేను పూర్తి సర్వీసు చేసి చిక్కడపల్లి వచ్చాను.

నిరుడు అశోక్ నగర్‌లో ఒక నెట్ సెంటర్ ముందు ఆపరేటర్ కనిపించాడు. చుట్టూ కోచింగ్ పిల్లలు. మాజీ సైనికుల కోటాలో గుమాస్తా ఉద్యోగానికి ఫారం నింపాలట. నన్ను లోపలికి రమ్మన్నాడు. పక్కన కూర్చున్నాను. ఆ రోజు ఏమీ చెప్పలేకపోయాను.

వారం తర్వాత నారాయణగూడలో వాళ్ళింటికి వెళ్ళి అంతా చెప్పాను. గ్లాసు చేతిలో పట్టుకుని విన్నాడు.

"నేనే ఏదో తప్పు కొట్టిన అనుకున్న, ఇన్నేండ్లు," అన్నాడు. గ్లాసు కింద పెట్టి, "ఆ వేళ్ళు పోయినాయనకు చెప్పినవా?" అని అడిగాడు.

లేదన్నాను.

"ముందుగాల ఆయనకు చెప్పు. నాది తర్వాత."

అతని గురించీ, వేళ్ళు పోయినాయన గురించీ జరిగిందంతా సైన్యం రికార్డ్స్ ఆఫీసుకు రాసి సంతకం పెట్టాను. ఆయన అడ్రసు వెతికి ఒక కాపీ పంపాను. జవాబు రాలేదు. రావాలని అడిగే హక్కు నాకు లేదు.

తుపాను నాకు ఇప్పుడు సరిగ్గా గుర్తు లేదు. నెట్ సెంటర్ గుర్తుంది. అతను తన పేరు ఒక్కొక్క అక్షరమే కొట్టాడు. ప్రతి అక్షరాన్నీ తెర మీద చూసుకున్నాడు. చివరికి వేలు ఎంటర్ మీదికి తెచ్చి, ఆనించకుండా ఆపి, నా వైపు తిరిగాడు.

"జర చూడన్నా. సరిగ్గ కొట్టిన్నా?"