బావ ఫ్లాపీకి తలాషీ లేదు

మా చిన్నప్పుడు... చిక్కడపల్లిలో మా ఇంటి ముందు గదిలోకి ఎవరు ఫ్లాపీ తెచ్చినా, మా చిన్నక్క కుర్చీలోంచి లేవకుండానే చెయ్యి చాపేది.

"ఇటియ్యి. మొదలు స్కాన్, తర్వాతే పని."

అది మా డీటీపీ సెంటర్. సెంటర్ అంటే ఏదో అనుకునేరు... ఒక కంప్యూటర్, ఒక ప్రింటర్, అమ్మ పాత చీర చింపి కుట్టిన రెండు ముసుగులు. అంతే. నాన్న పెట్టుబడి పెట్టాడు, పని మొత్తం చిన్నక్కది. పెళ్లి పత్రికలు, అశోక్ నగర్ కోచింగ్ సెంటర్ల నోట్సులు... ఏదైనా తప్పు లేకుండా టైపు కొట్టి ఇచ్చేది.

అప్పట్లో వైరస్ నెట్‌లోంచి వచ్చేది కాదు. మాకు నెట్ ఎక్కడిది? ఫ్లాపీలో కూర్చుని ఒక మెషిన్ నుంచి ఇంకో మెషిన్‌కి వచ్చేది. అందుకే చిన్నక్కకి అంత పట్టింపు. కోఠి నుంచి తెప్పించిన స్కానర్ ఫ్లాపీని గుడ్డలో చుట్టి బీరువాలో దాచేది. స్కాన్ అయ్యేసరికి చాలాసేపు పట్టేది, కస్టమర్లు విసుక్కునేవాళ్లు. చాదస్తం అనేవాళ్లు. చిన్నక్క మాత్రం నాన్న ఆఫీసు నుంచి తెచ్చిన ఫ్లాపీని కూడా వదల్లేదు.

నారాయణగూడలో చిన్నక్క కొట్టిన పుస్తకాలు అచ్చు వేసే ప్రెస్ ఓనరు మాత్రం "ఆ పిల్ల ఫ్లాపీ అయితే కండ్లు మూసుకొని పెట్టుకోవచ్చు" అన్నాడట. ఆ మాట తెలిసిన రోజు చిన్నక్క మా అందరికీ మిర్చి బజ్జీలు తెప్పించింది. అంత సంతోషం తన మొహంలో మళ్లీ చూడలేదు.

ఇక పెద్దక్క మొగుడు... మా బావ. కాచిగూడలో హోల్‌సేల్ దుకాణం, ఇంటికి కొత్తల్లుడు. ఒక ఆదివారం చొక్కా జేబులో ఫ్లాపీ పెట్టుకుని వచ్చాడు.

"మరదలా, జర లే. కార్ల గేమ్ తెచ్చిన."

"స్కాన్ చేసి పెడ్త బావా, జరసేపు ఆగు."

"ఏందీ... నాకు గూడ తలాషీనా? నేనేమన్న దొంగోన్నా?"

నవ్వుతూనే అన్నాడు. అమ్మ మాత్రం వంటింట్లోంచి ఉరికొచ్చింది. "ఏందే ఆ మాటలు? అల్లునితోని అట్లనేనా మాట్లాడేది? లే, కుర్చీ ఇయ్యి."

చిన్నక్క లేచింది.

సాయంత్రం దాకా కార్లు పరిగెత్తాయి. అంతలో ప్రెస్ మనిషి వచ్చాడు. గ్రూప్స్ పరీక్షల గైడు ఒకటి చిన్నక్క నెలల తరబడి కొట్టింది, దాన్ని తీసుకెళ్లడానికి. చిన్నక్క నాన్నని వంటింటి వైపు లాగింది.

"నాన్నా, ప్రెస్ ఆయన్ని గంట ఆగుమను. మెషిన్ ఒకసారి స్కాన్ చేసి ఇస్త."

"అల్లుడు ఆడంగనే స్కాన్ పెడ్తవా? ఆయన ముంగటనే? ఏమనుకుంటడు?"

బావ అక్కడే కూర్చుని చాయ్ తాగుతున్నాడు మరి. చిన్నక్క గైడు మొత్తం ఫ్లాపీల్లోకి ఎక్కించి ఇచ్చేసింది.

మర్నాడు ప్రెస్ ఓనరు మా గుమ్మం ముందు నిలబడి అరిచాడు. "మీ ఫ్లాపీ పెట్టంగనే నా సిస్టమ్‌లు పోయినయ్! ఎంతమంది పని ఉండె అండ్ల!" వాడకట్టంతా బయటికి వచ్చింది. అప్పటికే మా మెషిన్ కూడా పడకేసింది.

చిన్నక్క నాన్న వైపు చూసింది. ఇది మా పిల్ల వల్ల కాదు అంటే చాలు... ఆ ఒక్క ముక్క.

నాన్న చేతులు జోడించాడు. "చిన్నపిల్ల అన్నా... తెల్వక చేసింది. మాఫ్ చేయి."

తెలియకనా! మా ఇంట్లో తెలిసిందే తనకొక్కదానికి. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆయన వెళ్లాక చిన్నక్క బతిమాలింది. "ఒక్కసారి పొయ్యి చెప్పు నాన్నా. నా పేరు పోయింది."

"అల్లుని పేరు బజార్ల పెట్టమంటవా? నీ పనిదేముంది... మళ్ల వస్తది."

రాలేదు. ఆ అమ్మాయి దగ్గర వైరస్ ఉందన్న మాట అశోక్ నగర్ దాకా పాకింది. చివరికి మెషిన్ బాగు చేయించి, ఒక కోచింగ్ సెంటర్‌కి తనే పని చేసిన ఫ్లాపీ పట్టుకుని వెళితే, అక్కడి గుమాస్తా చెయ్యి చాపి "మొదలు స్కాన్ చేయాలె" అన్నాడు. తన మాటే తనకి అప్పజెప్పాడు. ఇంటికొచ్చి కంప్యూటర్‌కి ముసుగు వేసింది, మళ్లీ తీయలేదు. కొన్నాళ్లకి నాన్న దాన్ని అమ్మేశాడు. చిన్నక్క బర్కత్‌పురలో ఒక స్కూల్లో ఫీజుల రసీదులు రాసే పనికి చేరింది.

బావ మాత్రం ఏ పెళ్లిలో కలిసినా "మా మరదలితోని జర పైలం, వైరస్ అంటిస్తది" అనేవాడు. అందరూ పకపకా నవ్వేవాళ్లు, పెద్దక్కతో సహా.

మొన్న బావ ఫోన్‌కి ఏదో లింక్ వచ్చిందట. నొక్కాడు. బ్యాంకు ఖాతా ఊడ్చుకుపోయింది. ఫ్యామిలీ గ్రూపు నిండా జాలి... "పాపం", "ఎవరికైనా అయితది", "ఎంతెంత చదువుకున్నోళ్లే మోసపోతున్రు". తెలియక చేశాడని ఎవరూ చేతులు జోడించలేదు లెండి.

అందరం బావ ఇంట్లో కూర్చున్నాం. చిన్నక్క చెయ్యి చాపింది.

"ఇటియ్యి బావా. మొదలు స్కాన్."

బావ ఫోన్ ఇచ్చాడు. నాన్న తల దించుకుని తన చేతులు చూసుకున్నాడు. ఇప్పుడైనా ఎవరో ఒకరు ఆ ఒక్క ముక్క అంటారని ఎదురుచూశాను... చాయ్‌లు వచ్చాయి, తాగాం, లేచాం.

ఇప్పటి ఫోన్లు వాటంతట అవే స్కాన్ చేసుకుంటున్నాయి... అల్లుడిదా, పరాయివాడిదా అని అడగవు. మనుషులం మనమే ఇంకా అడుగుతున్నాం.

అందుకే ఆ రోజు గుమ్మంలో మా నాన్న అనని మాట ఇక్కడ నేను అంటున్నాను. మా చిన్నక్క పేరు సరళ. ఆ వైరస్ తను తేలేదు.

మీ ఇంట్లోనూ ఇంకొకరి తప్పు మోసినవాళ్లు ఉంటే... వాళ్ల పేరు కింద రాయండి. వాళ్లది తప్పు కాదని కూడా రాయండి.