చెక్ ట్రేలో మిగిలిన మేత

అల్లూరు దగ్గర రొయ్యల గుంటల మీద పన్నెండేళ్లుగా పనిచేస్తున్నాడు మునెయ్య. గట్టు మీద నడుస్తూనే రొయ్య ఆకలి చెప్పేస్తాడని యజమాని గంగాధరం గారు నలుగురిలో అనేవారు. ఆ మాటను మునెయ్య కొత్త చొక్కాలా తొడుక్కుని తిరిగేవాడు.

సోమవారం పొద్దున, రొయ్య మేత తిన్నదీ లేనిదీ చూసే చెక్ ట్రే పైకి లాగాడు. రెండు గంటల కింద వేసిన మేత అట్లాగే ఉంది. రొయ్య మేత ముట్టలేదంటే జబ్బు మొదలైనట్టే. మునెయ్య చుట్టూ చూసి, ట్రేను నీళ్లలో ఊపాడు. మేత చిన్న మబ్బులా విడిపోయింది.

"ఒక్క పలుకు మిగల్లేదు సార్" అని ఫోన్లో చెప్పాడు.

గురువారానికి చచ్చిన రొయ్యలు అంచుకు కొట్టుకొచ్చాయి. తలల మీద ఉప్పు రాలినట్టు తెల్ల చుక్కలు. సారు వచ్చేలోపు ఏదీ కనపడకూడదని తూము ఎత్తేశాడు. నీళ్లు కాలవలోకి పోతుంటే గట్టు మీద కూలబడ్డాడు.

'నాకే ఎందుకిట్లా అయింది? ఎవరి కళ్లు పడినాయి?'

కొంగలు వాలి రొయ్యల్ని ఏరుకుంటున్నాయి. కాలవ అవతల చెంచమ్మ మోటారు షెడ్డు తలుపు కిర్రుమంది. రోజూ ఈ వేళకే ఆమె ఆ కాలవ నీళ్లు తన గుంటకు తోడుకుంటుంది.

'ఆ నీళ్లు ఆమె గుంటకు చేరకుండా ఆపగలనా?'

పరుగెత్తాడు.

"చెంచమ్మా! మోటారు ఎయ్యొద్దు!"

"ఏందన్నా, కాలవ నీ పేరున రాయించుకున్నావా?"

"మా గుంట నీళ్లు దాంట్లోకి ఇడిసినా. మా రొయ్యకు తెల్లమచ్చ జబ్బు."

స్విచ్ మీద ఆమె చెయ్యి ఆగింది. షెడ్డు పక్కన మేత మూటలు దించుతున్న ఇద్దరు కూలి ఆడవాళ్లు తలలు తిప్పారు.

"ఎప్పటినుంచి తెలుసు నీకు?"

"సోమవారం నుంచి. ట్రేలో మేత మిగిలింది. నీళ్లలో దులిపేసినా."

"మొన్న నువ్వేగా అనింది, నీ చెయ్యి పడితే రొయ్య రాయి కూడా తింటుందని?"

మునెయ్య తన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక లుంగీకి తుడుచుకున్నాడు.

"నిలబడి చూస్తావేంది? పోయి తూము దించు. కింద గుంటలోళ్లకు నేను ఫోన్ చేస్తా."

తిరిగి వచ్చేటప్పుడు దారి పొడుగునా ఒకటే ప్రశ్న. సోమవారం పొద్దున నేను దేనికి భయపడినాను? రొయ్య చస్తుందని కాదు. నలుగురిలో ఉన్న పేరు పోతుందని. జవాబు తెలిసేసరికి చెవులు కాలిపోయాయి.

తూము దించాడు. జేబులో ఫోన్ మోగింది. గంగాధరం గారు.

"ఏం మునెయ్యా, అంతా బాగానే ఉందా?"

"లేదు సార్" అన్నాడు. "సోమవారం మీకు అబద్ధం చెప్పినా."