ఎడమ చెయ్యి అక్కర్లేని హార్మోనియం

బావగారికి పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయాక, తెనాలిలో అక్క వాళ్ళింట్లో హార్మోనియం మీద దుప్పటి కప్పేశారు. కుడిచేత్తో మెట్లు నొక్కగలరు. కానీ వెనక తిత్తి ఊపడానికి ఎడమ చెయ్యి కావాలి. వయసంతా పద్యనాటకాలకు వాయించిన మనిషి. ఒకసారి అక్క తాను తిత్తి ఊపుతానని పక్కన కూర్చుంటే, "నా ఊపిరి నువ్వెట్టా పీలుస్తావే?" అన్నారట.

నేను టెలిఫోన్ శాఖలో పనిచేసి రిటైరై బాపట్లలో ఉంటున్నాను. కంప్యూటర్లో హార్మోనియం పలికించే సాఫ్ట్‌వేర్ ఉందనీ, దానికి మెట్ల పలక ఒకటి తగిలిస్తే తిత్తితో పనిలేదనీ తెలిసింది. ఆ రోజుల్లో మానిటరంటే గంపంత ఉండేది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని ప్యాసింజరు రైల్లో తెనాలి చేర్చాను.

బావగారు ఒక మెట్టు నొక్కి ముఖం చిట్లించారు.

"ఏంటోయ్ ఇది? నేనిప్పుడు నొక్కితే, రేపల్లె పోయొచ్చి పలుకుతోంది!"

తప్పు బఫర్‌ది. కంప్యూటరు శబ్దాన్ని పుట్టిన వెంటనే వదలదు. కొంత కూడబెట్టుకుని వదులుతుంది, మేడమీద ట్యాంకు నిండాక కుళాయి విప్పినట్టు. ట్యాంకు పెద్దదైతే ఆలస్యం. చిన్నదైతే మధ్యలో ఖాళీ అయి గాలి కక్కుతుంది. ఆ ట్యాంకు కొలతను 1024 నుంచి 512కి, అక్కణ్ణుంచి 256కి తగ్గించాను. మార్చినప్పుడల్లా ఏం జరిగిందో డైరీలో రాసుకున్నాను. 128కి దింపేసరికి పోపులో ఆవాలు చిటపటలాడినట్టు శబ్దం చిట్లింది. అప్పుడు వెనకాల నడిచేవన్నీ ఆపాను. వైరస్‌ని కాపలా కాసే ప్రోగ్రామ్, ఇంటర్నెట్ తీగ, నాటకశాలలో ఉన్నట్టు మోగించే ప్రతిధ్వని, అన్నీ. కొన్ని వారాలు బాపట్లకీ తెనాలికీ తిరిగాక 128లోనే శుభ్రంగా పలికింది. కళ్ళు మూసుకుని నేనే నొక్కి చూశాను. వేలూ స్వరమూ ఒక్కటిగా ఉన్నాయి.

"ఆఁ, ఇప్పుడు దారికొచ్చిందోయ్," అన్నారు బావగారు. ఆ రోజే గడ్డం గీయించుకుని, రేపల్లెలో ఉన్న తన పాత నాటకాల నటుడికి ఫోను చేయించారు.

పద్యం చివర నటుడు రాగం తీసి వదిలిన చోట హార్మోనిస్టు అందుకోవాలి. చప్పట్లన్నీ ఆ అందుకోవడానికే. నటుడు ఎక్కడ వదులుతాడో వదలకముందే వేళ్ళకు తెలియాలి.

ఆదివారం మధ్యాహ్నం నటుడు వచ్చాడు.

"ఏం గురువుగారూ, తిత్తి లేని పెట్టె కొన్నారంట?"

"తిత్తి నీ గొంతులోనే ఉందిగా. రావయ్యా, కూర్చో."

నటుడు పద్యం పాడి, రాగం తీసి వదిలాడు. గదిలో ఖాళీ. ఆ తర్వాత హార్మోనియం పలికింది. ఇంకో పద్యం. మళ్ళీ అంతే.

"మళ్ళీ ఆలస్యం చేస్తోంది. చూడవోయ్," అన్నారు బావగారు నాతో.

ఇద్దరిదీ రికార్డు చేస్తున్నాను. తెర మీద నటుడి గొంతు ఒక చోట ఆగింది. మెట్టు నొక్కిన గుర్తు చాలా అవతల పడింది. నొక్కిన తర్వాత స్వరం ఆలస్యం కాలేదు. నొక్కడమే ఆలస్యమైంది. జబ్బు ఎడమ చేతితో ఆగిందనుకున్నాం మేమంతా.

"మిషను పాతదండి బావగారూ. కొత్త సౌండ్ కార్డు వేస్తే సరిపోద్ది," అన్నాను.

నటుడు ఒకసారి నా ముఖం చూశాడు. మూడో పద్యంలో రాగం తోకను కొంచెం సాగదీసి, గొంతులోనే నిలిపి ఉంచాడు. హార్మోనియం సరిగ్గా అతుక్కుంది. గుమ్మంలో నిలబడిన అక్క చప్పట్లు కొట్టింది.

బావగారు మెట్ల మీద నుంచి చెయ్యి తీసేశారు.

"నాకోసం ఆగావు కదయ్యా?"

"లేదండి గురువుగారూ, ఊపిరందక..."

"నీకు ఊపిరందకపోవటం నేనెప్పుడూ చూళ్ళేదు."

అతను తలవంచుకున్నాడు. అక్క ఏమైందో అర్థం కాక నా వంక చూసింది. నేను మానిటర్ వంక చూశాను.

"సరేలే," అన్నారు బావగారు. "శ్రుతి ఇస్తాను, పాడు. నువ్వు మాత్రం ఆగొద్దు."

ఆధార షడ్జం మీద వేలు పెట్టి అలాగే నొక్కి పట్టుకున్నారు. నటుడు మిగిలిన పద్యాలన్నీ పాడాడు. రాగం వదిలిన ప్రతిచోటా ఆ ఒక్క స్వరమే వినిపించింది.

నొక్కి పట్టుకున్న మెట్టుకు ఆలస్యంతో పనిలేదు. మధ్యలో ఎక్కడా చిట్లకూడదని బఫర్‌ను మళ్ళీ 1024కి పెంచాను. బావగారు నా చేతి వంక చూశారు. తర్వాతి పద్యానికి మళ్ళీ షడ్జం మీద వేలు పెట్టారు.