లక్ష్మణమ్మ ఇంటి మరుగుదొడ్డి

కళింగపట్నంలో లక్ష్మణమ్మ నోటికి జడవని మనిషి లేడు. ఎండుచేపల తట్ట దించిందంటే బేరమాడే వాళ్ళు ముందే సర్దుకుని కూర్చుంటారు. నెత్తళ్ళు సరిగ్గా ఎండలేదని ఎవరైనా నోరు జారితే, ఆ మనిషి వంశాన్నంతా తీసి బజార్లో ఆరబెట్టేస్తుంది. అలాంటి లక్ష్మణమ్మ ఆ వానాకాలం ఉదయాన తన పెరట్లో, మరుగుదొడ్డి గడప మీద చతికిలబడి, "ఓలమ్మో, నీకు దండమెడతాను, దిగవే తల్లీ" అని బేసినులోని నీళ్ళను బతిమాలుకుంటోంది.

నీళ్ళు దిగలేదు. బకెట్టు పోస్తే అంచు దాకా పొంగి, గుడగుడమని నాలుగు బుడగలు వదిలి, అక్కడే నిలబడిపోయాయి. మామూలు రోజులైతే ఆవిడ ఇంత గాభరా పడేది కాదు. మొగుడు అసిరయ్య వేటకెళ్ళే మనిషి, ఆయనకు తీరమంతా దొడ్డే. తనకైనా సరుగుడు తోటలున్నాయి. కానీ ఇప్పుడు లోపలి గదిలో కూతురు అరుణశ్రీ ఉంది. శ్రీకాకుళం ఆసుపత్రిలో కడుపు కోసి ఆడబిడ్డను తీశారు. కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. గడప దాటడానికే గోడ పట్టుకుంటున్న పిల్ల, ఆ బురదలో సరుగుడు తోటల దాకా ఎలా నడుస్తుంది? అల్లుడు భాస్కర్ ఎచ్చెర్లలో ఆటో నడుపుకుంటాడు. ఒంటి గది కాపురం, అక్కడ చూసే దిక్కు లేదు. తొలి పురుడు కన్నవారింట్లోనే జరగాలని పట్టుబట్టి పిల్లని తెచ్చుకున్నది లక్ష్మణమ్మే.

ఆ పూట నుంచి ఆవిడ ఆ బేసినుతో యుద్ధానికి దిగింది. ముందు బకెట్టు నడుమెత్తుకు లేపి ఒక్క విసురున కుమ్మరించింది. అడ్డేమైనా ఉంటే ఆ తోపుకి పోవాలి. పోలేదు సరికదా, ఆ నీళ్ళన్నీ ఎగిరి చీర మీద పడ్డాయి. గెడకర్ర చివర గోనెగుడ్డ చుట్టి కిందికీ పైకీ కుమ్మింది. రెక్కలు పడిపోయాయి గానీ నీళ్ళు కదల్లేదు. ఎవరో చెప్పారని యాసిడ్ సీసా తెచ్చి మొత్తం వంపేసింది. ఆ పొగకి గొంతు మండిపోయి, దగ్గుతూ వచ్చి పెరట్లో పడింది.

చివరికి పైపుల పని తెలిసిన మేస్త్రీ, వరసకు తమ్ముడయ్యే లక్ష్ముడికి కబురెట్టింది. అతను వస్తూనే యాసిడ్ వాసన పట్టేశాడు.

"నిండా నీళ్ళున్న బేసినులో యాసిడ్ పోస్తారా అప్పా! అది సిమ్మితే కళ్ళు పోతాయి. గోతిలో మురికిని తినీ పురుగు కూడా సచ్చిపోతాది."

"నన్ను తర్వాత తిడుదువు గానీ, ముందు దాన్ని సూడు."

లక్ష్ముడు పొడుగాటి స్ప్రింగుతీగ గొట్టంలోకి తోశాడు. అది ఎక్కడా తట్టుకోకుండా గొయ్యి దాకా పోయింది. గొట్టం శుభ్రంగా ఉందని, రోగం గోతిలో ఉందని చెప్పి మూత జరిపాడు. సిమెంటు వరల గొయ్యి నిండుకుండలా ఉంది. గోతులు తోడే లారీని పిలిపించారు. అది అంత గొట్టమేసి జుర్రుకుపోయాక, చెంబెడు నీళ్ళు పోస్తే బేసిను గుటుక్కున మింగింది. లక్ష్మణమ్మ ఆనందం పట్టలేక లారీవాడికి కవర్ నిండా ఎండు సావళ్ళ చేపలు కట్టి ఇచ్చింది.

మర్నాటికి గొయ్యి మళ్ళీ నిండిపోయింది. లక్ష్ముడు తొంగి చూసి పెదవి విరిచాడు. "ఇది మీరు పోసిన నీరు కాదప్పా. బూమిలో నీరు. అసలు ఈ గొయ్యి ఇంత లోతు ఎవుడు తవ్వేడు?"

తవ్విన మహానుభావుడు అరుగు మీద వల బాగుచేసుకుంటున్నాడు. ఊళ్ళో దొడ్లు కట్టించిన ఏడు, మూడు వరలు చాలని మేస్త్రీలు చెప్తే అసిరయ్య నవ్వాడు. గొయ్యన్నాక నీరు పడాలన్నాడు. నుయ్యి తవ్వినట్టు తవ్వుకుంటూ పోయి, అడుగున ఊట తగిలినప్పుడు కొబ్బరికాయ కూడా కొట్టాడు. ఊళ్ళో ఎవరి గోతికీ అంత లోతు లేదని చాన్నాళ్ళు మీసం తిప్పుకున్నాడు. ఇసక నేలలో, వంశధార పక్కన, నీటిలోకి దించిన గొయ్యి అది. నది నిండితే అదీ నిండుతుంది. ఏటా వానలకి కొన్నాళ్ళు మొరాయిస్తూనే ఉంది. ఇంట్లో ఇద్దరూ అలవాటు కొద్దీ ఎప్పుడూ బయటికే పోయేవాళ్ళు కాబట్టి ఎవరికీ పట్టలేదు.

"మరేటి సెయ్యమంటావురా?" అంది లక్ష్మణమ్మ.

"నది తగ్గీవరకూ ఆగాల."

నది ఎప్పుడు తగ్గేను? ఆవిడ కూతురి మంచం పక్కన ఒక ప్లాస్టిక్ తొట్టి పెట్టింది. అది ఎప్పుడు చూసినా పొడిగానే ఉండేది. అడిగితే, పక్కింటి దుర్గాభవాని వాళ్ళింటికి వెళ్ళొస్తున్నానంది అరుణశ్రీ. లక్ష్మణమ్మ గుండె కొంచెం కుదుటపడింది.

కుదుటపడిన గుండె ఎంతోసేపు నిలవలేదు. పసిగుడ్డు ఏడుపు మొదలెట్టింది. రొమ్ము పట్టుకుని చప్పరించి, ఏమీ రాక, ముఖం ఎర్రగా చేసుకుని గుక్క పట్టి ఏడ్చేది. పాలు పడటం లేదు. బాలింతకి పాలసొర చేప పెడితే పాలు ఉరకలేస్తాయని బెస్తవాడలో పసిపిల్లకి కూడా తెలుసు. లక్ష్మణమ్మ పాలసొర తెప్పించింది, వెల్లుల్లి దట్టించి వండింది. కూతురు రెండు ముద్దలు తిని చాలంటుంది. కాచి చల్లార్చిన నీళ్ళు ఇస్తే గుక్కెడు తడిపి పెట్టేస్తుంది. దానికి మాత్రం లక్ష్మణమ్మ మురిసిపోయింది. బాలింత నీళ్ళు ఎక్కువ తాగకూడదన్నది ఆ ఇళ్ళలో పథ్యం. "మా గుంట సూడండి, సదువుకున్నాదైనా పత్యం ఎంత బాగా సేస్తన్నాదో" అని వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంది. దిష్టి తగిలి ఉంటుందని ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. పాలు రాలేదు. బిడ్డ ఏడవడానికి కూడా ఓపిక లేనట్టు నీరసించింది. అప్పుడు లక్ష్మణమ్మకి నిజంగా భయం పుట్టింది.

పరుగున వెళ్ళి నర్సమ్మ పద్మకుమారిని వెంటబెట్టుకొచ్చింది. ఆవిడ బిడ్డను చూసింది, డబ్బాపాలు ఎలా కలిపి పట్టాలో చెప్పింది. తర్వాత తల్లి వైపు తిరిగి, నాలుక చాపమంది. చెయ్యి మీద చర్మం పట్టి లాగి వదిలింది.

"ఒంటేలుకి ఎప్పుడు వెళ్ళావమ్మా?"

అరుణశ్రీ దుప్పటి అంచు సర్దుకుంది.

"నిన్నే అడుగుతున్నాను. ఇవాళ వెళ్ళావా?"

పిల్ల గోడకి తిరిగిపోయింది. వీపు ఎగిసెగిసి పడింది. గోడకేసే చెప్పింది. "ఎక్కడికెల్లమంటారండీ? పక్కింటికి ఒక్కపాలే ఎల్లేను. ఎల్లొచ్చేక వాళ్ళు పురిటి మైలని బకెట్లకి బకెట్లు నీళ్ళు పోసి కడుక్కున్నారు. ఇంక ఎల్లబుద్ది కానేదు. ఈ తొట్టిలో కూకుంటే, తలుపు లేని గది, అవతల నాన్న ఉంటాడు. అదట్టుకుని అమ్మ ఈదిలోంచి ఎల్లాల. అందుకే తాగడం మానేసేను. తినడమూ తగ్గించేసేను."

తాగకపోతే పాలెక్కడివి అని పద్మకుమారి మెల్లగానే అంది. కుట్లు మానవు, జ్వరం వస్తుంది, ఇంకో రెండు రోజులు చూసి ఆసుపత్రికి తీసుకుపోవాలంది. లక్ష్మణమ్మకి ఆ మాటలు సగమే వినిపించాయి. పత్యం, పత్యం అని వాడంతా చాటింది తనే. కన్నకూతురు దాహంతో నాలుక పిడచకట్టుకుని పడుకుంటే, మెచ్చుకుంటూ దిష్టి తీసింది. ఆవిడకి తన నోరు కోసి పారేయాలనిపించింది.

విసవిసా పెరట్లోకి వచ్చి లక్ష్ముడికి ఫోను చేసింది. నది తగ్గేదాకా ఆగలేనంది. కిందికి కాకుండా పైకి కట్టలేవా అని అరిచింది. ఎత్తు నేలైతే కట్టొచ్చు, మీ పెరట్లో ఎత్తెక్కడుందప్పా అన్నాడతను.

"ఉన్నాది, రా" అంది.

పెరటి మూల చేపలారబెట్టే దిబ్బ ఉంది. అసిరయ్య తల్లి తట్టలతో మట్టి మోసి, ఏటేటా పేడతో అలికి పెంచిన దిబ్బ. ఎంత వాన వచ్చినా అక్కడ నీరు నిలవదు. చెప్పులతో దానిమీద ఎవరినీ అడుగు పెట్టనిచ్చేది కాదు లక్ష్మణమ్మ. ఆ ఇంటి తిండంతా దానిమీద ఎండిందే. ఇప్పుడు తనే పలుగు తీసుకుని దాని నడినెత్తిన ఒక పోటు పొడిచింది.

అసిరయ్య వల వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. "నీకేటి పిచ్చా? అది మాయమ్మ దిబ్బే! రేపు సేపలెక్కడ ఎండబెడతావు?"

"సేపలు రోడ్డు మీదైనా ఎండుతాయి మావా. గుంట ఇంట్లో ఎండిపోతన్నాది."

ఆయన కూతురున్న గది వైపు చూశాడు. తర్వాత ఆవిడ చేతిలో పలుగు తీసుకుని తనే తవ్వాడు. మోకాటి లోతు మించితే లక్ష్ముడు ఆపేశాడు. "చాలు బావా, మళ్ళీ కొబ్బరికాయ కొడతావేటి?" అన్నాడు. చేపలు నిలవేసే నీలం డ్రమ్ముకి అడుగు కోసి, చుట్టూ బెజ్జాలు పొడిచి గోతిలో దించారు. చుట్టూ ఇసకా పిక్కరాయీ కూరారు. పైన పలక పరిచి, కుట్లున్న పిల్ల గొంతుక్కూర్చోలేదని ప్లాస్టిక్ కుర్చీ సీటు గుండ్రంగా కోసి బిగించారు. చుట్టూ బరకం పట్టా కట్టారు. ఎక్కడానికి ఏటవాలుగా మట్టి పోశారు. పొద్దు వాలకముందే పనైపోయింది. చెప్పకుండానే మగాళ్ళిద్దరూ తీరం వైపు వెళ్ళిపోయారు.

లక్ష్మణమ్మ కూతుర్ని నడుం పట్టుకుని దిబ్బ ఎక్కించి, బరకం దింపి, ఇవతల నిలబడింది. లోపల పిల్ల మూలుగుతూ చాలాసేపు కూర్చుంది. బయటికొచ్చేసరికి ముఖమంతా చెమట. మంచం మీదికి చేర్చి చెంబుతో నీళ్ళిస్తే ఎత్తిన చెంబు దించకుండా తాగింది. ఇంకో చెంబు అడిగింది. పాలు ఇంకా రాలేదు. రేపు వస్తాయో, అసలు వస్తాయో రావో ఎవరూ చెప్పలేదు. బిడ్డ డబ్బాపాలు తాగి నిద్రపోతోంది.

"అంత దప్పిక ఎలాగ ఓర్సుకున్నావే?" అంది లక్ష్మణమ్మ, ఏడుపూ కోపమూ కలిసిపోయి. "ఎవులు నేర్పేరే నీకు ఈ మాయదారి బుద్ది?"

అరుణశ్రీ తల్లి ముఖంలోకి చూసింది.

"నువ్వే కదమ్మా. సిన్నప్పుడు తట్టట్టుకుని శ్రీకాకులం బజారుకి నన్ను తీసుకెళ్ళేదానివి. తెల్లారి బయిల్దేరితే, మళ్ళీ ఇంటికొచ్చీవరకూ సుక్క నీరు ముట్టుకునేదానివి కాదు. దాహమేస్తాదని నేనేడిస్తే, తాగితే ఎక్కడికెల్తామే, ఓర్సుకో అనేదానివి. మరిసిపోయేవా?"

లక్ష్మణమ్మ మరిచిపోలేదు. గుర్తు పెట్టుకోనూ లేదు. తట్ట మొయ్యడంలాగే అదీ పనిలో భాగమనుకుంది. ఈ వేళకీ బజారు రోజుల్లో అలాగే ఉంటోంది. ఒంటేలుకి వెళ్ళినప్పుడు మంట పుడితే వేడి చేసిందని సర్దుకుపోతోంది.

అరుణశ్రీ చెంబులో మిగిలిన నీళ్ళు తల్లి ముందుకు జరిపింది. "నువ్వూ తాగు. ఎనక ఉన్నాది కదా."

లక్ష్మణమ్మ చెంబెత్తి తాగింది. సరిపోక కుండలో ముంచుకుని మళ్ళీ తాగింది. ఇంత వయసొచ్చాక, తర్వాత ఎక్కడికెళ్ళాలా అని ఆలోచించకుండా పట్టపగలు కడుపు నిండా నీళ్ళు తాగడం ఆవిడకి అదే మొదలు.