రెండు బిందువుల మధ్య మందిరం

మా చిన్నమ్మ ఇక లేదని మొన్న పొద్దున వాళ్లబ్బాయి ఫోన్ చేసి చెప్పాడు. నిద్రలోనే ప్రభువు దగ్గరికి వెళ్లిపోయిందట. ఉదయగిరి కొండ కింద ఉన్న మా ఊళ్లోనే సమాధి చేశాం. వచ్చినవాళ్లలో కొందరు ఆమె దగ్గర కంప్యూటర్ నేర్చుకున్నవాళ్లు. తక్కినవాళ్లంతా ఒక మధ్యాహ్నం ఆమె మాట విని హోరు వానలోకి నడిచినవాళ్లు, వాళ్ల పిల్లలు. ఆ మధ్యాహ్నం గురించి చిన్నమ్మ ఎప్పుడూ మాట్లాడేది కాదు. ఇప్పుడు నేను చెప్పాలనిపిస్తోంది.

తొంభైల్లో ఆత్మకూరు బస్టాండు వెనక ఒక మేడ మీద చిన్న కంప్యూటర్ సెంటర్ ఉండేది. చెప్పులు బయట విడిచి, కాళ్లు తుడుచుకుని లోపలికి వెళ్లాలి. చిన్నమ్మ అక్కడ ప్రోగ్రామింగ్ చెప్పేది. డిగ్రీ అయ్యాక నేనూ అక్కడే చేరాను. ఆమె ముడిలో ఎప్పుడూ ఒక పెన్సిల్ గుచ్చి ఉండేది. మమ్మల్ని పేర్లతో కాకుండా కూర్చున్న చోటుతో పిలిచేది. "మూడు, రెండు, లేచి చెప్పు" అంటే మూడో వరస, రెండో కుర్చీ అన్నమాట. బజార్లో ఎవరైనా దారి అడిగినా "ముందు అడ్డం, తర్వాత నిలువు" అంటూ చేత్తో గీసి చూపేది.

బిందువు గురించి చెప్పిన రోజు నాకు బాగా గుర్తు. బోర్డు మీద గళ్లు గీసి, గీతలు కలిసేచోట సుద్దముక్కతో చుక్క పెట్టింది.

"కంప్యూటర్‌కు ఈ చుక్క కనపడదు. దానికి తెలిసింది రెండు పూర్ణాంకాలే. ఎక్స్ ఒకటి, వై ఒకటి. రెంటినీ కలిపి ఒక పేరు కింద దాచుకుంటే అదే బిందువు."

"రెండు చుక్కలకు మధ్యలో ఉంటే మేడం?" అని ఎవరో అడిగారు.

"మధ్యలో చోటు లేదు నాయనా. ఇక్కడన్నా ఉండాల, అక్కడన్నా ఉండాల."

ఆ పాఠానికి ఉదాహరణగా ఆమె మా ఊరినే తీసుకుంది. ఊరికి పైన చెరువు, పక్కనే వాగు. ఆదివారాలు ఆరాధన అయ్యాక ఇద్దరం అడుగులతో వీధులు కొలిచాం. మేస్త్రీలు మట్టం చూసే నీళ్ల ట్యూబుతో ఎత్తుపల్లాలు చూశాం. ఊరంతా గళ్ల కాగితం మీద బిందువులైంది. ప్రోగ్రాం చిన్నదే. చెరువు కట్ట తెగినచోట నీళ్లు మొదలవుతాయి. ఒక బిందువు తడిస్తే దాని నాలుగు పక్కల బిందువుల్లో పల్లంగా ఉన్నవి తడుస్తాయి. తెర మీద గళ్లు ఒక్కొక్కటే నిండుతుంటే క్లాసులో అందరూ చప్పట్లు కొట్టారు. చిన్నమ్మ మాత్రం కొట్టలేదు. పల్లపు వీధి మొత్తం నిండిపోయింది. దిబ్బ మీద మా ప్రార్థన మందిరం ఒక్కటే పొడిగా మిగిలింది.

ఆ ఏడు కార్తీకంలో వాన పట్టుకుంది. సెంటర్ మూసేస్తే ఇద్దరం ఊరికి బస్సెక్కాం. దారిలో బస్సు ఆగిన ప్రతిచోటా చిన్నమ్మ కిటికీలోంచి తల బయటపెట్టి వాగుల్ని చూసింది. ఊరు చేరగానే ఇంటింటికీ తిరిగింది. కట్ట మీద నమ్మకం పెట్టుకోవద్దు, పల్లపు వీధి ఖాళీ చేసి మందిరంలోకి రండి అంది. సంఘపెద్ద నవ్వాడు. ఆయన్ను ఆమె మామా అని పిలిచేది.

"ఏందమ్మా, ఆ పెట్టె చెప్పిందా? మా నాయన కాలం నించీ తెగని కట్ట ఇప్పుడు తెగుద్దా?"

"తెగకపోతే నన్ను తిట్టుకోండి మామా. ముందు పిల్లల్ని తీసకరాండి."

తిట్టుకుంటూనే వచ్చారు. మధ్యాహ్నానికి మందిరం నిండిపోయింది. పసిపిల్లలు, ముసలివాళ్లు, మూటలు, కోళ్లు. ఒక అవ్వ కీర్తన ఎత్తుకుంది. వెనక గోడకు ఆనుకుని కూర్చున్న ఆడవాళ్లు చాప తడిగా ఉందని ముందుకు జరిగారు. చిన్నమ్మ లేచి వెళ్లి, గోడ అడుగున చెయ్యి పెట్టి చూసింది. తిరిగొచ్చి నా పక్కన కూర్చుంది.

"పాపా, మందిరాన్ని నేను ఏ బిందువు కాడ పెట్టినాను?"

"దిబ్బ మీద ఉండే చుక్క కాడే గదా."

"దిబ్బ మీద ఉండేది వాకిలి. వెనక గోడ యాడుండాది?"

వెనక గోడ వాగు వైపు పల్లంలో ఉంది. మందిరం రెండు బిందువుల మధ్య కట్టింది. పూర్ణాంకంలో సగం పట్టదు కాబట్టి చిన్నమ్మ దాన్ని దిబ్బ వైపుకు జరిపేసింది. ఒకే బిందువు, ఒకే ఎత్తు. ఆ ఎత్తును నమ్మి ఊరంతా ఇక్కడికొచ్చి కూర్చుంది.

చిన్నమ్మ కీర్తన మధ్యలో నిలబడింది.

"అందరూ బయటికి రాండి. పైన తారు రోడ్డు మీదికి పోవాల."

సంఘపెద్దకు కోపం వచ్చింది. "పొద్దున లోపలికి రమ్మంటివి, ఇప్పుడు బయటికి పొమ్మంటావు. నీ కంప్యూటర్‌కు పిచ్చి పట్టిందా?"

"దానికి కాదు మామా. తప్పు నాది. నేను చెప్పిందే అది చెప్పింది."

ఎవరూ కదల్లేదు. కీర్తన ఎత్తుకున్న అవ్వ, "ప్రభువు ఇంట్లో నించి నన్ను లాగబాకండి" అని ఏడ్చింది. చిన్నమ్మ ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చుని, "అవ్వా, నా మొహం చూసి రా. నువ్వు రాకపోతే నేనూ ఈడే ఉంటా" అంది. అవ్వ ఆమె మొహంలోకి చూసి, చెయ్యి చాచింది. అవ్వ లేచాక అందరూ లేచారు. రోడ్డు మీద వానకు ఆగిపోయిన లారీల డ్రైవర్లు పిల్లల్ని టార్పాలిన్ పట్టా కిందికి ఎక్కించుకున్నారు. అందరికంటే ఆఖరున మాతోపాటు రోడ్డెక్కిన సంఘపెద్ద గొణుగుతూనే ఉన్నాడు. లారీలోంచి కంకర దించినట్టు పైనించి చప్పుడు వచ్చింది. ఆయన గొణుగుడు ఆగిపోయింది. కట్ట తెగింది.

తెల్లారి వాన తెరిపి ఇచ్చాక వెళ్లి చూశాం. మందిరం వెనక గోడ లేదు. చాపలు పరిచిన చోట నేల లేదు. వాకిలి వైపు సగం మాత్రం అలాగే నిలబడి ఉంది. మనుషులందరూ బతికున్నారని ఊరు చిన్నమ్మను చుట్టుముట్టింది. సంఘపెద్ద ఆమె చేతులు పట్టుకుని ఏడ్చాడు. ఆమె అటు చూడటం లేదు. తెగిన నేల అంచున నిలబడి వాగులోకి చూస్తోంది.

అక్కడ తుమ్మకంపకు ఒక చీర చిక్కుకుని ఉంది. పసిబిడ్డకు ఉయ్యాలగా కట్టిన చీర. కొమ్మకు వేసే పైముడి ఎవరూ విప్పలేదు. ఇంటింటికీ వెళ్లి అడిగాం. మా ఊళ్లో ఎవరిదీ కాదు.

"చెరువులోకొచ్చే వాగు కాడ, పైన మర్రిపాడు వైపు గొర్రెలోళ్లు పిల్లాజెల్లాతో దిగుండిరి. వానకు ముందే పోయుంటార్లేమ్మా" అన్నాడు సంఘపెద్ద.

"నా గళ్ల కాగితం కట్ట కాడే అయిపోయింది మామా, దానికి పైన గీయలా" అంది చిన్నమ్మ.

ఇద్దరం పైకి నడిచి వెళ్లాం. గొర్రెలవాళ్లు దిగిన చోట నీళ్లు తప్ప ఏమీ లేవు. వాళ్లు ముందే పోయారో లేదో చెప్పేవాళ్లు ఎవరూ దొరకలేదు. తర్వాత ఎన్నాళ్లు వాకబు చేసినా తెలియలేదు. ఆ రోజు మేం తిరిగొచ్చేసరికి చీర ఇంకా కంపకే ఉంది. ఎర్రటి నీళ్లు లోపలికి చేరినప్పుడల్లా అది బిడ్డ పడుకున్నట్టు బరువుగా కిందికి దిగేది. నీళ్లు జారిపోగానే మెల్లగా పైకి లేచేది.